తొమ్మిదణాల పచ్చచేను

అభన్‌పూర్ దగ్గర మా పల్లె,
9 ఆగస్టు 1979

రాయపూర్ రైల్వే గూడ్సు ఆఫీసులో కలం పట్టి, ఇంట్లో మా అక్క చేత చీవాట్లు తిని, రెండు చోట్లా వర్ధిల్లుతున్న శ్రీ వెంకటరత్నం బావగారి దివ్యసముఖమునకు,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: మూడెకరాల ఆసామీ అమ్మిరాజు గారి నల్లగొడుగు, ఈ ఏడు ఆషాఢమాసమున కొద్దిపాటిగానూ, శ్రావణమున బొత్తిగా లేకుండానూ విధులు నిర్వర్తించిన కారణంచేత, నేటినుండి ఉద్యోగ విరమణ చేయింపబడినది. సదరు గొడుగు ఇకమీదట మా పిల్లలకోడికి ఎండ తగలకుండా కాపు కాయవలెను. పింఛను లేదు. అభ్యంతరము గలవారు మబ్బుతో సహా హాజరు కావలెను.

ఆయ్, అదండీ సంగతి. వాన లేదు. ఇక్కడివాళ్ళ సేద్యం మీరు చూస్తే నవ్వుతారు బావగారూ. పొడి దుక్కిలో విత్తనం చల్లేస్తారు. మొక్క జానెడు లేచి, చేలో నీళ్ళు నిలిచాక, ఆ మొక్కల మీంచే నాగలి తోలేస్తారు. బియాసీ అంటారు దాన్ని. కలుపు చస్తుంది, వరి పిలకలేస్తుంది. మొదటి ఏడు చూసి, "ఒరేయ్, బతికున్న చేను దున్నేస్తున్నారేంట్రా" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఈ ఏడు ఎవరూ నవ్వడంలేదు. మా పక్క చేను ఆసామీ పరదేశి (పేరుకే పరదేశి, తరతరాలుగా ఇక్కడివాడే, అసలు పరదేశిని నేను) నాగలి గట్టు మీద పెట్టుకుని ఆకాశంకేసి చూస్తూ కూచున్నాడు. నీళ్ళు నిలిస్తే కదండీ తోలడానికి.

నా సంగతి వేరు. మనది కోనసీమ చెయ్యి. నారు పోశాను, బావి తోడాను, ఊడ్పించాను. కోనసీమలో అరెకరం అమ్మి ఈ గులకరాళ్ళు కొంటావుట్రా దద్దమ్మా అని రాయపూర్ బస్టాండులో పదిమంది ముందు అన్నారు గుర్తుందా? వచ్చి చూడండి. మూడెకరాలూ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎంత పచ్చగా ఉందంటే, చిలకలు వాలితే ఎక్కడ వాలాయో వాటి పెళ్ళాలకి కూడా తెలియడంలేదు. ఊరంతా ఎండింది గానీ నా చేను ఎండలేదు.

అక్కకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించండి. మీ చెల్లెమ్మ పైడమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. అడగలేదు గానీ రాస్తున్నాను.

ఎండలో నల్లబడిన మీ బావమరిది,
అమ్మిరాజు


రాయపూర్,
16 ఆగస్టు 1979

చి॥ అమ్మిరాజును ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నీ ఉత్తరము అందినది. గొడుగు సంగతి మాని మిగతాది చదివితిని. నీవు పుట్టి బుద్ధెరిగిన తరువాత నాకు సంతోషము కలిగించిన ఉత్తరము ఇదొక్కటే. నిన్ను దద్దమ్మ అన్నమాట వెనక్కి తీసుకొనుచున్నాను. సగము మాత్రమే.

మన పక్క వాటాలో దూబే గారని ఒకాయన దిగినారు. కరువు లెక్కలు చూచే ఆఫీసులో పెద్ద గుమాస్తా. మంచి మనిషి, చక్కెర వ్యాధి. మొన్న సాయంత్రము టీ తాగుచూ నీ ఉత్తరము హిందీలో చెప్పి వినిపించితిని. చిలకల దగ్గర ఆయనకు టీ పొలమారినది. "ఏ ఊరు? కాలువ కింద భూమా?" అని అడిగినారు. కాదు, బావి కింద అన్నాను. "శభాష్! బయటినుంచి వచ్చినవాడు ఇంత పండిస్తుంటే మావాళ్ళు ఊరికే ఏడుస్తారు" అని ఊరి పేరు వ్రాసుకున్నారు. నీకు పంపుసెట్టు మంజూరు చేయించుటకేనని నా అనుమానము. చూచితివా, పెద్దవాళ్ళ పరిచయము ఎట్లు ఉపకరించునో.

మీ అక్క అన్నమ్మ చెప్పమన్న మాట: చేను పండగానే మొదటి వెన్నులు కోసి, కుచ్చు అల్లి పంపవలెనట. మన ఇంటి వసారాలో వేలాడదీస్తుందట, పిచ్చుకలకు. ఇక్కడి పిచ్చుకలకు గోదావరి మర్యాద తెలియదని దిగులు.

ఆశీస్సులతో,
వెంకటరత్నం


మా పల్లె,
2 సెప్టెంబరు 1979

బావగారూ,

నా ఉత్తరం దూబే గారికెందుకు వినిపించారండీ? అది ఇంట్లోవాళ్ళు చదువుకుని, నవ్వుకుని, పొయ్యిలో వేసుకునే సరుకు. ఆఫీసువాళ్ళకి వినిపించేది కాదు.

ఇక్కడి పద్ధతి మీకు తెలిసినట్టు లేదు. రూపాయి పండాల్సిన చోట ఎన్నణాలు పండిందీ అని ఊరికొక అంకె వేస్తారు. ఆరణాల్లోపు పడితే అది కరువు ఊరు. చెరువు మట్టి పని తెరుస్తారు, కూలికి గింజలిస్తారు, శిస్తు ఆపుతారు, సొసైటీలో విత్తనం ఇస్తారు. ఆరు దాటిందా, గాలి తిని బతకమని. పరదేశి రోజూ అదే అడుగుతున్నాడు: "కా హోహీ భాయీ, ఏమవుతుంది? ఎన్నణాలేస్తారు?" రెండు వేళ్ళు చూపించి, రెండణాలకి మించదు, ఎక్కువేస్తే మీసం తీసేస్తానన్నాను.

కాబట్టి దూబే గారితో ఇలా చెప్పండి: మా బావమరిది మాటలు నమ్మడానికి లేదు, మా పెళ్ళిలో లడ్డూల్లో ఉప్పు పోసిన మనిషి వీడే, చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు గాలి అని. ఈ రోజే చెప్పండి. టీ తాగకముందే చెప్పండి.

కుచ్చు సంగతి తర్వాత చూద్దాం. పిచ్చుకల్ని ఓపిక పట్టమనండి.

అమ్మిరాజు


కార్డు. రాయపూర్, 12 సెప్టెంబరు 1979

చి॥ అమ్మిరాజుకు, నీ వినయమునకు మెచ్చితిని. దూబే గారికి లడ్డూల సంగతి చెప్పగా కడుపుబ్బ నవ్వి, "నిజంగా పండించినవాడే ఇలా తగ్గించుకుని మాట్లాడతాడు" అన్నారు. నీ మీద గౌరవము ఇంకను హెచ్చినది. పంపుసెట్టు ఖాయము. వెంకటరత్నం.


మా పల్లె,
14 అక్టోబరు 1979

బావగారికి నమస్కారాలు.

నిన్న డప్పు వేశారు. మా ఊరికి తొమ్మిదణాలు.

మళ్ళీ చెప్పించుకున్నాం. తొమ్మిదే. చుట్టుపక్కల ఊళ్ళకి నాలుగూ అయిదూ పడ్డాయి. వాళ్ళ చెరువుల దగ్గర మట్టి పని మొదలైంది. తట్ట నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు పాడుకుంటూ పోతున్నారు. మావాళ్ళు వెళితే "మీది పండిన ఊరు, ఫో" అని తోలేశారు. పరదేశి పెళ్ళాం తట్టతో వెళ్ళి తట్టతోనే తిరిగొచ్చింది.

ఊరంతా కూచుని తర్కించారు. చూడడానికి ఎవరొచ్చారు? జీపొకటి రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయిందని ఒకడన్నాడు. "మరి ఏ కంటితో చూశారు భాయీ?" అని పరదేశి నన్నే అడిగాడు. అలవాటు కొద్దీ ఏదో ఒకటి అనాలి కదండీ. "జీపు దీపాల కంటితో" అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మీసం తీసేశాను బావగారూ, ఎవరూ గమనించలేదు కూడా.

ఈ వారం కొందరి ఇళ్ళల్లో విత్తనాల గంప దించారు. అంటే మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, వచ్చే ఏడు చల్లాల్సిన గింజ ఇప్పుడు దంచి వండుతున్నారు. ఆ అన్నం తింటున్నప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. అది మామూలు గింజ కాదండీ. నాలుగు వానలు పడినా చాలని పండే రకం, వాళ్ళ తాతలనాటిది. సొసైటీకి వెళ్ళి అది ఇమ్మంటే లేదంటారు. వాళ్ళ దగ్గరున్నది కొత్త పొట్టి వరి. దానికి ఎరువు బస్తా పెట్టాలి, కాలవ నీళ్ళు పెట్టాలి. కాలవ లేదయ్యా అంటే, బస్తా అయినా తీసుకెళ్ళు అంటారు. ఇక్కడ ఒక్కసారి విత్తనం తినేస్తే ఒక్కొక్కరికీ ఉన్న ఆ రెండెకరాలు ఇక చేను కాదు, నేల.

దూబే గారి కాళ్ళు పట్టుకోండి. ఆ అంకె మార్పించండి. నేనే బస్సెక్కి వద్దామంటే, బావి దగ్గర తాగేనీళ్ళకి వంతు తప్పితే పైడమ్మ మళ్ళీ తెల్లారేదాకా నిలబడాలి.

మీ అమ్మిరాజు


రాయపూర్,
20 అక్టోబరు 1979

చి॥ అమ్మిరాజును ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చదివి మీ అక్క భోజనము చేయలేదు. నేను నేరుగా దూబే గారి వాటాకు వెళ్ళితిని. ఆయన మొహము ముడుచుకొని, "మీ బావమరిది చేనే కదా సాక్ష్యం! మీరే కదా చెప్పారు! ఊళ్ళో మూడెకరాల పచ్చచేను ఉండగా ఆరణాల్లోపు ఎలా వేస్తాం? పై అధికారి అడిగితే నేనేం చెప్పను?" అన్నారు. చాలాసేపు బ్రతిమాలగా ఒక దారి చెప్పినారు. ఆ చేను కూడ పోయినదని తెలిస్తే అంకె సవరించి, భోపాల్ వెళ్ళే జాబితాలో చేర్చవచ్చునట. జాబితా నవంబరు పదిహేనున పోవును.

అమ్మిరాజూ, నేను చెప్పబోవు మాట కఠినమైనది. ఆ చేను పశువులకు మేపివేయుము. కోతకు వచ్చిన చేను మేపుమని రైతుకు చెప్పుట పాపమని ఎరుగుదును. అయినను ఒక్క చేను పోయి ఊరు నిలుచును గదా. నీకు, పైడమ్మకు తిండి మేము చూచుకొందుము. ఈ సలహా నాదని మీ అక్కకు తెలియనీయకుము.

వెంకటరత్నం


మా పల్లె,
27 అక్టోబరు 1979

బావగారూ,

చేను మేపెయ్యమన్నారు. మా ఊరి పశువులకి పచ్చగడ్డి ఎలా ఉంటుందో మరిచిపోయిన కాలం ఇది, ఒక్కసారిగా మేపితే అరక్క చస్తాయి. ఆ పాపం కూడా నాకెందుకు?

చేను మాట వదిలెయ్యండి. నా చేనుతో ఏం పని మీకు? దూబే గారిని ఒక్కపూట ఇక్కడికి తీసుకురండి. నా గట్టెక్కొద్దు, పరదేశి గట్టు మీద నిలబడమనండి. అది చూసి ఎన్నణాలో చెప్పమనండి. ఊరంతా ఒకే పొయ్యి మీద వండుకుంటుంటే ఊరికి ఒకే అంకె చాలు. అలా లేదే! ఒకడికి పండితే పక్కవాడి కడుపు నిండినట్టు రాసుకునే లెక్క ఎవడు కనిపెట్టాడండీ? వాడికి రెండు పూటలా అన్నం ఉండే ఉంటుంది. రెండెకరాలవాడికి, మూడెకరాలవాడికి చేను చేనూ వేరుగా చూడమనండి. చూడ్డానికి మనుషుల్లేరంటారా, మట్టి మొయ్యడానికొచ్చిన వాళ్ళకే ఆ పనివ్వండి, అక్షరం వచ్చినవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. గింజ ఇస్తే ఇచ్చారు, దానికన్నా ముందు విత్తనం ఇమ్మనండి. పొట్టి వరి వద్దు. ఈ నేలకి అలవాటైన గింజ ఇమ్మనండి. ఇళ్ళల్లో మిగిలిన విత్తనం తినెయ్యక ముందు ఇమ్మనండి. తిన్నాక ఇంకేం ఇచ్చినా మరుసటేడు మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తాను.

చూశారా, నేను కూడా మంత్రిలా మాట్లాడుతున్నాను. ఆకలికి ఇలాంటి గుణం ఉందని తెలియదు.

ఎవర్నైనా పంపండి. చేను మేపమని మాత్రం ఇంకోసారి రాయకండి. నా వల్ల కాదు.

అమ్మిరాజు


రాయపూర్,
3 నవంబరు 1979

అమ్మిరాజుకు,

ఈసారి ఆశీర్వచనము లేదు.

నీ ఉత్తరము చదివి సిగ్గుపడితిని. ఊరి గురించి రెండు పేజీలు ఉపన్యాసము వ్రాసి, చివరకు నీ మూడెకరాలు మాత్రము వదలను అంటివి. "నా వల్ల కాదు" అట! పరదేశి పెళ్ళాము ఖాళీ తట్టతో వచ్చినదని వ్రాసిన చేతితోనే ఆ మాట ఎట్లు వ్రాసితివి? మీ నాన్నగారు ఉప్పెన ఏడు మీ గాదెలోని ధాన్యము మొత్తము పేటకంతా కొలిచి పెట్టినారు. ఆయన కడుపున పుట్టినవాడివేనా నీవు? మీ అక్కకు కూడ చెప్పివేసితిని. "వాడు చిలిపివాడే గాని చెడ్డవాడు కాడండీ" అని ఏడ్చుచున్నది. ఆమె మాట నేనిక నమ్మను.

దూబే గారిని ఊరికి రమ్మంటివి. చక్కెర వ్యాధి మనిషి, ఎండలో రారు. వచ్చినను, నీ చేను పచ్చగా నిలబడి ఉండగా నేను ఏ మొహము పెట్టుకొని తీసుకొని వత్తును? పదిహేనవ తేదీ ఎంతో దూరము లేదు. చేను మేపినావని తెలిసిన మరుక్షణము నేను ఆయనతో చెప్పి సంతకము చేయింతును. అంతవరకు నాకు ఉత్తరము వ్రాయవద్దు. నీ వెన్నుల కుచ్చు కూడ మా ఇంటికి వద్దు.

వెంకటరత్నం


మా పల్లె,
8 నవంబరు 1979

బావగారికి, అక్కకి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను. చిరాకొచ్చినా చివరిదాకా చదవండి.

ఇటుక బట్టీల మనిషి కూలీల కోసం లారీ తెచ్చాడు. సోమవారం మళ్ళీ వస్తాడట. మొదటి లారీలో వెళ్ళినవాళ్ళ తలుపులకి ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది, తాళాలు లేక. సోమవారం వెళ్ళేవాళ్ళలో పరదేశి ఉన్నాడు. అతని ఎడ్లని ఎవరో కొని తోలుకుపోయారు. ఎంతకని నేనడగలేదు, అతను చెప్పలేదు.

పొద్దున నా గుమ్మంలోకి వచ్చి కూచున్నాడు. పైడమ్మ గంజి ఇస్తే సగం తాగి సగం పెళ్ళానికని ఉంచాడు. గుడ్డలో కట్టిన గింజలు నా ముందు పెట్టాడు. గట్టిగా పిడికెడు.

"ఇది వండలేదు" అన్నాడు. "ఆడది ఒద్దంది. నువ్వు ఉంటావు కదా. ఎక్కడో ఓ మూల చల్లు. వానొస్తే."

"నేనూ వెళ్ళిపోతే?" అన్నాను.

"నువ్వు మా సేద్యం నేర్చుకోలేదు గానీ, ఎవరి మాటా వినవు. ఉంటావు" అన్నాడు. నవ్వాడు. ఈ మూడు నెలల్లో ఆ గుమ్మంలో ఎవరైనా నవ్వడం అదే. ఆ తర్వాత అడిగాడు, "భాయీ, తొమ్మిదణాలు ఎవరు చెప్పుంటారంటావు? ఊళ్ళోవాడేనా?" అని.

ఎప్పుడూ నోట్లో మాట సిద్ధంగా ఉండే మనిషినండీ నేను. మీరే అంటారు కదా, వీడి నాలుకకి సెలవు లేదని. ఇవాళ సెలవు పెట్టింది. పైడమ్మ నాకేసి చూసింది. ఆవిడకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఉత్తరం రాస్తుంటే పక్కనే కూచుని, "మీ బావగారు నిజమనుకుంటారేమో" అంది. "అనుకోనీ, ఒక్కసారైనా అనుకోనీ" అన్నాను.

బస్టాండులో మీరన్న మాట చాలాకాలం లోపల తిరిగింది. మీ తప్పు కాదు. నేను ఎవర్నెన్ని మాటలన్నానో లెక్కే లేదు, ఒక్కటి పడలేకపోయాను. అక్క దిగులు పడుతుందని కూడా అనుకున్నాను. రాస్తున్నప్పుడు మహా సరదాగా ఉంది. చిలకల దగ్గరికి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. మీరు దూబే గారి పేరు రాసినప్పుడే చెప్పి ఉండాల్సింది. లడ్డూల మాట చాటున దాక్కున్నాను. తొమ్మిదణాలు పడ్డాక చెబుదామనుకుంటే, మీ ముందు ఇంకా చిన్నబోవాలనిపించలేదు. మీరు నన్ను స్వార్థపరుడన్నారు, అదైనా పడ్డాను గానీ ఇది చెప్పలేకపోయాను. చూడండి, ఎంత వెధవనో. ఊరు లారీ ఎక్కుతుంటే నేను పరువు చూసుకుంటున్నాను.

ఇక దాచడానికి రోజుల్లేవు. దూబే గారికి ఈ ఉత్తరం వినిపించండి. ఈసారి హిందీలో అందంగా మార్చకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన నమ్మకపోతే ఎవర్నైనా పంపమనండి. సోమవారం లోపు రమ్మనండి. రాలేనంటే, నేనే వచ్చి ఆయన వాటా ముందు కూచుంటాను, పైడమ్మతో సహా. బావి దగ్గర వంతు పోతే పోనివ్వండి. నన్ను జైల్లో పెడతామంటే పెట్టమనండి, అక్కడ అన్నం వేస్తారట. అంకె ఒక్కటి మార్చమనండి.

మేపడానికి చేను లేదు బావగారూ. నారుమడి జులైలోనే, వేలెడు ఎత్తున, పైడమ్మ బిందెతో పోసిన నీళ్ళు చాలక మాడిపోయింది. ఊడ్పు జరగలేదు. ఆ మూడెకరాల పచ్చచేను, ఆ చిలకలు, ఒక్క ఆకుతో సహా, అంతా నేను కూచుని కల్పించిందే.

అమ్మిరాజు